ఎలుకల చీటీల మీద నేను రాసిన తారీఖులు

నాచారంల మా ఇంట్లోళ్ళకు ఉప్పల్ రోడ్డు మీద ఆఫీసుల పని అనే చెప్పిన. ఎలుకలు సాకే పని అని చెప్పలే. అయిదో తరగతి దాకానే చదివిన. అంకెలు రాయొస్తదని ల్యాబోళ్ళు పెట్టుకున్నరు.

డబ్బాకు ఒక ఆడది, ఒక మొగది. పొద్దున ఏడింటికల్లా ఆడదాని తోక లేపి చూడాలె. రాత్రి జత కలిస్తే కింద తెల్లగ గడ్డ కట్టి ఉంటది. ఉంటే డబ్బాకున్న చీటీ మీద ఆ రోజు తారీఖు వెయ్యాలె. మధ్యాహ్నానికి అది రాలిపోతది.

ఆ తారీఖుల మీదనే ఒక ఆంధ్ర పిల్ల పీహెచ్‌డీ నడుస్తుండె. ఎలుక కడుపుల పిండం ఎన్నొద్దులదో ఆ తారీఖు నుంచే లెక్క. ఒకసారి ఆ పిండాన్ని మైక్రోస్కోపుల చూపించింది. "చూడమ్మా, ఇప్పుడు కణాలన్నీ ఒకేలా ఉన్నాయి. ఇంకో రోజుకి బయటివి కాన్పులో బిడ్డ వెనక పడే మాయ అవుతాయి, లోపలి ముద్ద పిల్ల అవుతుంది. ఏ జీను ముందు లేచి దేన్ని ఎటు పొమ్మంటుందో, నేను వెతికేది అదే."

ముగ్గురిని కన్నదాన్ని, నోరు తెరిచి చూసిన.

డబ్బాలు కడిగే తమ్ముడొకడుండె. నేను తోక లేపంగనే, "అక్కా, ఇయ్యాల ఏ కోడలు నీళ్ళోసుకున్నది?" అని పకపక నవ్వేటోడు. సిగ్గుతోని చచ్చిపోయేదాన్ని. వాడున్నంతసేపు చెయ్యి పెట్టుడే మానేసిన. వాడు చాయ్‌కి పోయేసరికి పదకొండు దాటేది, కొన్ని గడ్డలు అప్పటికే రాలిపోయేవి. డబ్బాల పరిచిన ఊకల ఎండిన ముక్క దొరికితే ఆ రోజు తారీఖే వేసిన. అది నిన్నటిదో, మొన్నటిదో!

రెండు నెలలకు ఆ పిల్ల ఉరుక్కుంట వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "అమ్మా, కొన్ని పిండాల్లో జీను ఒక రోజు ముందే లేస్తోంది! ఎవరూ చూడనిది. రేపు మా గైడు సార్‌కి చెప్తాను." నా నోట్లె మైసూర్‌పాక్ పెట్టింది.

అది నోట్లె ఉండంగనే నాకు సమజైంది. జీను లేచే యాళ్లకే లేచింది. ఒక రోజు ఆలస్యంగ రాసింది నేను.

తెల్లారి ఆమె సార్ దగ్గరికి పోకముందే చెప్పేసిన. ఆమె మొఖం చూడలేక నేల చూసుకుంట చెప్పిన.

"ఏవేవి?" అన్నది.

"ఎరుకలేదు బిడ్డా. ఏది చూసి రాసిన్నో, ఏది అందాజగ రాసిన్నో..."

ఎవలి పెండ్లికి ఎవలు ఏ చీర కట్టుకొచ్చిన్రో ఇప్పటికీ చెప్తా. ఆ చీటీలు మాత్రం ఒక్కటి యాదికి రాలే.

ఆ పిల్ల తిట్టలే. మైక్రోస్కోపుల తీసిన రెండు నెలల బొమ్మల మీద ఎర్ర పెన్నుతోని గీత కొట్టుకుంట పోయింది. మర్నాడు ఏడింటికి తానే వచ్చి నా చేతిల డబ్బా తీసుకొని తోక లేపింది. ఆ తమ్ముడు తల వంచుకొని డబ్బాలు కడిగిండు. రాయమంటదేమోనని నేను పెన్ను పట్టుకొని పక్కన నిలబడ్డ. చీటీ కూడ ఆమెనే రాసుకున్నది.