కళాయి సాయిబు తట్టి చూడని గెడ

మొన్న శుక్రవారం పొద్దున కళాయి సాయిబు గారు పోయారు. ఆ కబురు పట్టుకుని ఆయన రెండో కొడుకు నేను పనిచేసే ఉప్పు కొఠారుకి వచ్చాడు. దగ్గు తెర వచ్చిందట, నీళ్లడిగారట, చెంబు తెచ్చేలోపలే గోడకు వాలిపోయారట. మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకుపోతామని చెప్పి, నేనేదైనా అంటానేమోనని కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. ఆ కబురు వినగానే నాకు మొదట కలిగింది ఊరట. ఏడుపు ఇంటికి పోయాక వచ్చింది. చనిపోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇలాంటివి దాచుకోవడం మర్యాద అంటారు. దాచుకోవడం నాకు బాగా అలవాటైన పనే, కానీ ఈ ఒక్కసారికి మానేస్తున్నాను.

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం చెబుతాను. కాలవ ఒడ్డున ఉన్న మా ఊళ్లో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు ఆయనొక్కరే. బొగ్గుల కుంపటి, తోలుతిత్తి, తగరం కడ్డీ, తగరం అంటుకోవడానికి చల్లే గుప్పెడు నవాసాగరం, ఇదీ ఆయన అంగడి. ఆరు రోజులూ ఆ పొగలో కూర్చుని, శుక్రవారం నమాజు అయ్యాక గాలం గెడ భుజాన వేసుకుని కాలవ లాకు దగ్గరికి వచ్చేవారు. లాకు తలుపుల కింద ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసేచోట పండుగప్ప కాచుకుని ఉంటుంది. ఆయనకు కావలసింది అదొక్కటే. వేరే చేప పడితే తిట్టి నీళ్లలో వదిలేసేవారు.

నేను ఈ ఊరికి కొఠారు గుమస్తాగా బదిలీ మీద వచ్చి పదకొండేళ్లయింది. అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు, ఒళ్లంతా షోకు. మద్రాసులో పాత సామాన్ల అంగట్లో ఒక దొరల గెడ, నిగనిగలాడే ఇనప రీలు కొనుక్కుని మొదటి వారమే లాకు దగ్గర నిలబడ్డాను. సాయిబు గారు వచ్చి గెడ ఇమ్మని చెయ్యి చాపారు. అటూ ఇటూ వంచారు, చెవి దగ్గర పెట్టుకుని తట్టారు, మోకాలికి ఆనించి ఫట్‌మని విరిచేశారు. ఉప్పు పడవలవాళ్లు పడీపడీ నవ్వారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

"మద్రాసోడు నీకు వార్నీషు అమ్మినాడు గుమస్తా, గెడ అమ్మలా. దీన్ని చేప విరిచుంటే ఏడస్తా కూర్చునేవాడివి. నేను విరిచినా గాబట్టి నేర్చుకుంటావు" అన్నారు.

ఆయన పాఠం చెప్పడమంటే అదే. తిట్టకుండా ఒక్క ముక్క చెప్పింది లేదు. గెడకు నిండు వెదురు కావాలి, కణుపులు దగ్గర దగ్గరగా ఉండాలి, నాలుగు నెలలు నీడన ఆరాలి, బొగ్గుల సెగన వంకర తీసి ఆముదం రుద్దాలి. ఇదంతా పడవవాళ్లు కూడా చెబుతారు. సాయిబు గారి విద్య అంతా బొటనవేలి గోట్లో ఉండేది. గెడని చెవికి ఆనించుకుని, మొదలు నుంచి కొస దాకా గోటితో తడుతూ పోయేవారు. ఎక్కడ శబ్దం బోలుగా మోగితే అక్కడ పురుగు తొలిచినట్టు. పైకి సూదిమొనంత చిల్లు కనబడుతుంది, లోపలంతా పిండే ఉంటుంది. అలాంటి గెడలు నావి మూడు విరిచారు. నాలుగోదాన్ని విరవలేదు. మెచ్చుకోనూ లేదు.

నా దొరల రీలుని చూసి, ఉప్పుగాలికి రెండు వానాకాలాలు ఆగదన్నారు. రెండో వానాకాలంలోనే స్ప్రింగు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆయన దారం చుట్టుకునే చక్రం మాత్రం సైకిలు షాపులో పారేసిన పాత హబ్బు. దానికి అటూ ఇటూ వడ్రంగి చేత తాటిచెక్క బిళ్లలు వేయించుకున్నారు. బ్రేకు లేదు. బొటనవేలికి తోలుముక్క చుట్టుకుని దాన్నే చక్రానికి ఆనించేవారు. పండుగప్ప చెంపరెక్క చాకులా దారాన్ని కోసేస్తుంది కాబట్టి, గాలం పైన జానెడు మేర సైకిలు బ్రేకు తీగలోంచి తీసిన ఒంటి పోగు కట్టేవారు. డబ్బు పెట్టింది రెండింటికే, అప్పుడప్పుడే వస్తున్న నైలాను దారానికి, మంచి గాలాలకి. "చేప నోట్లో పడేదానికి డబ్బు పెట్టు, నీ చేతిలో ఉండేదానికి బుద్ధి పెట్టు" అనేవారు. కొత్త గాలం మొనని నా బొటనవేలి గోటిమీద ఆనించి లాగేవారు. గోటి మీద గుచ్చుకుని నిలిచిందా సరే, జారిందా అవతల పారేసేవారు. ఆ పరీక్షకి తన గోరు ఒక్కసారి కూడా వాడలేదు.

ఎర సంగతి చెప్పాలంటే మా ఆవిడ గరిటె సంగతి చెప్పాలి. చిన్న చేపలా తళతళమని తిరిగే రేకుని మేం తళుకు అనేవాళ్లం. విరిగిన ఇత్తడి గరిటె గుంటని కత్తిరించి, ఆకు మాదిరి సాగగొట్టి, దాని వెనక గాలం తగిలించేవారు. తేట నీళ్లకి కళాయి పూసిన తెల్ల తళుకు, బురద నీళ్లకి ఉత్త ఇత్తడి పచ్చ తళుకు. నా మొదటి తళుకు కోసం అత్తగారు పెట్టిన గరిటెని ఇంట్లో అడక్కుండా పట్టుకుపోయాను. మా ఆవిడ ఆ గరిటె ఊసెత్తకుండా ఇప్పటికీ పప్పు వడ్డించదు. ఆ తళుకుతోనే నాకు తొలి పండుగప్ప పడింది. ఎగిరి గంతేసి సాయిబు గారికి చూపిస్తే, దాని కంట్లోకి చూసి, "రోగం వచ్చిన చేప. అందుకే నీకు పడింది" అన్నారు.

అయినా ఆయన్ని ఎంతో ప్రేమించాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

తర్వాత ఆయన కళ్లు పోవడం మొదలైంది. నవాసాగరం పొగ తినేసిందని ఆయన అనేవారు. నెల్లూరు ఆస్పత్రికి నేనే తీసుకుపోయాను. చూసి, ఇక చేసేదేమీ లేదన్నారు. ఏడాది తిరిగేసరికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియకుండా పోయింది. అంగడి కొడుకులు తీసుకున్నారు. కోడళ్లు ఆయన కంచాన్ని పంచలోకి నెట్టి పోయేవాళ్లు. ఇంట్లో లేని మర్యాద ఆయనకు వీధిలో ఉండేది. సూళ్లూరుపేట నుంచి కూడా మనుషులు గెడలు మోసుకొచ్చి ఆయన ముందు పెట్టేవాళ్లు. ఆయన చెవికి ఆనించుకుని తట్టి, ఇది పనికొస్తుంది, ఇది పొయ్యిలోకి అని చెప్పేవారు. గెడ ఎంచడంలో సాయిబుని మించినవాడు లేడన్న పేరొక్కటే ఆయనకు మిగిలిన ఆస్తి. కళ్లు లేనివాడు ఎంచడమేమిటని చాటున నవ్వేవాళ్లూ ఉన్నారు. వాళ్ల నోళ్లు మూయించడానికి ఒక్క పెద్ద పండుగప్పని లాగి ఒడ్డున పడెయ్యాలని ఆయన పట్టుదల. ఆ ఏడు ఆయన పాత గెడ చీలింది. కొఠారు పనిమీద నెల్లూరు పోతున్నానని తెలిసి, అక్కడి వెదురు అడితిలో ఒకటి తెమ్మన్నారు.

"నువ్వు ఎంచితే నేను ఎంచినట్టే" అన్నారు. ఏడేళ్లలో ఆయన నాకిచ్చిన మెప్పు అది.

నేను ఎంచలేదు. బస్సుకి టైమవుతోందని కుప్పలో పైనున్నది లాక్కొచ్చాను. ఇంటికొచ్చాక తట్టి చూస్తే నడిమి కణుపు దగ్గర బోలుగా మోగింది. దీపం దగ్గర పెట్టి చూస్తే సూదిమొనంత చిల్లులు రెండు ఉన్నాయి. మళ్లీ నెల్లూరు పోవడానికి బద్ధకమేసింది. కొఠారులో సీళ్లు వేసే లక్క కరిగించి ఆ చిల్లుల్లో పోశాను, నున్నగా అరగదీశాను, దారం దూరి పోయే తీగ రింగుని సరిగ్గా అక్కడే పెట్టి పైన చిక్కగా నూలు చుట్టేశాను. గుడ్డివాడికి ఇంకేం పెద్ద చేప పడుతుందిలే అనుకున్నాను. నేను చేసిన పాపం లక్క పొయ్యడం కాదు, ఆ మాట అనుకోవడం.

గెడ చేతికిస్తే సాయిబు గారు ఒకసారి పొడుగునా తడిమారు. రింగు మీద వేళ్లు ఆగాయి, కట్టు బాగుందన్నారు. ఊరందరి గెడల్నీ తట్టి చూసే మనిషి, నేను తెచ్చినదాన్ని తట్టలేదు.

కార్తీకంలో వానలు పడి కాలవ నిండింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన్ని చెయ్యి పట్టుకుని లాకు దగ్గరికి తీసుకుపోయాను. నీళ్లు ఏ రంగని అడిగారు. టీ రంగన్నాను. ఇత్తడి తళుకు కట్టుకుని, నీళ్ల చప్పుడుని బట్టి తలుపుల నీడలోకి విసిరారు. మూడో విసురుకే లటుక్కున పట్టింది. ఆయన బొటనవేలి కింద చక్రం రయ్యిమని తిరిగింది. చేప నీళ్లలోంచి ఎగిరి పడింది. అంత పండుగప్పని నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. పడవవాళ్లు పడవలు తోసే గెడలు దించి చూస్తూ నిలబడిపోయారు.

"ఎంతుండాది?" అని సాయిబు గారు అడిగారు. మీ నడుము దాకా వస్తుందన్నాను. ఆ ముఖంలో వెలుగు చూశాను. ఇప్పుడే వదిలెయ్యండి, దారం కోసెయ్యండి అని అరవాలనిపించింది. అరవలేదు. గెడ వంగింది, ఇంకా వంగింది, రింగు దగ్గర పుటుక్కున విరిగింది. చీలిన అంచుకి రాసుకుని దారం తెగింది. సాయిబు గారు వెల్లకిలా బురదలో పడ్డారు. పడవల మీద నవ్వులు లేచాయి.

ఆయన లేవలేదు. విరిగిన చోట వేలు పెట్టి తడిమారు. గోటితో ఒక ముక్క పెళ్లగించి, వాసన చూసి, నా అరచేతిలో పెట్టారు. "లక్క" అన్నారు, నాకు మాత్రమే వినబడేటట్టు.

ఒక పడవ మీద నుంచి తెడ్డు పట్టుకున్నవాడు, ఆ గెడ ఎవరు ఎంచినారు సాయిబన్నా అని కేకేశాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన గొంతెత్తి, "నేనే ఎంచినా. కావాలంటే గుమస్తాని అడగండి" అన్నారు. అందరూ నా వైపు చూశారు. అవునన్నాను.

ఆ రోజుతో ఆయన పంచలోకి గెడలు రావడం ఆగిపోయింది. ఒక్క నెలలో ఊరు ఆయన్ని గుడ్డి ముసలివాడిని చేసి ఒక మూలన కూర్చోబెట్టింది. నేను మాత్రం ప్రతి శుక్రవారం పోయి కూర్చునేవాణ్ణి. వచ్చేపోయేవాళ్లు ఎకసెక్కానికి ఆ గెడ సంగతి కదిపేవాళ్లు. ఆయన ఒక్కసారి కూడా మాట తప్పించలేదు. నేనే ఎంచినా, గుమస్తాని అడగండి అనేవారు. నేను అవుననేవాణ్ణి. ఎవరూ అడగని రోజున ఆయనే కావాలని ఆ ప్రస్తావన తెచ్చేవారు. నన్ను కాపాడడానికే అలా చెబుతున్నారని మా ఆవిడ అంటుంది. మా ఆవిడ ఆయన దగ్గర చేపలు పట్టడం నేర్చుకోలేదు. నన్ను మోకాలికి ఆనించి వారానికొకసారి విరుస్తున్నారని నాకు తెలుసు. అది న్యాయమేనని కూడా తెలుసు.

ఒకసారి తెగించి, ఊరందరికీ నిజం చెప్పేస్తానన్నాను. ఆయన కంచంలో అన్నం కలుపుకుంటూ ఆగారు.

"చెప్తే నీ బరువు దిగిపోతాది. నాకేం తిరిగొస్తాది? చెప్పబాక. మొయ్యి" అన్నారు. తర్వాత నెమ్మదిగా తిన్నారు.

ఆ తర్వాత కూడా ఆయన నాకు నేర్పుతూనే ఉన్నారు. ఏ నెలలో ఏ తళుకు, ఏ గాలికి ఎంత బరువు, చక్రానికి ఏ నూనె. ఇవాళ నా చేతిలో ఉన్న పనితనమంతా ఆయన పెట్టిన భిక్షే. ఆ కృతజ్ఞత ఇక్కడ రాసుకుంటున్నాను. ఆయన చదవలేరు. ఉన్నా చదవలేకపోయేవారు.

శుక్రవారం మధ్యాహ్నం శ్మశానం దాకా నడిచాను. గుంటలోకి దించాక, అయినవాళ్లతో పాటు నన్ను కూడా మూడు పిడికిళ్లు మట్టి వెయ్యమన్నారు. నేను వంగి పిడికెడు తీసుకున్నాను. పక్కన నిలబడి ఉన్న పడవ మేస్త్రీ కళ్లు తుడుచుకుంటూ, ఎంతో ఆప్యాయంగా, "మంచి మడిసి. కళ్లు పోయినాక ఆ గెడ ఒక్కటీ ఎంచలేకపోయినాడు, పాపం. అంతే గదా గుమస్తా గారూ?" అన్నాడు.

గెడ ఎంచింది నేనేనని చెప్పడానికి ఆ పూట నాకు అడ్డేమీ లేదు. మొయ్యమన్న మనిషి ఎదురుగా గుంటలో తెల్లగుడ్డలో పడుకుని ఉన్నారు. ఊరంతా అక్కడే ఉంది. ఆయన కొడుకులిద్దరూ నా వైపే చూస్తున్నారు.

"అవును" అన్నాను. పిడికిలి విప్పి మట్టి వేశాను. వెనకనున్నవాళ్లకు దారి ఇవ్వమని ఎవరో అంటే పక్కకు జరిగాను.