వెల్ అంటే బావి, వెల్ అంటే బాగు

రాజమల్లయ్యది బెజ్జంకి. ఒంట్ల సత్తువున్నన్ని రోజులు ఆయన పని బావులు తవ్వుడే. బోర్లొచ్చినంక బావి తవ్వించేటోళ్లు కరువైన్రు. పెండ్లాం పోయినంక కొడుకు ఆయన్ని సిద్దిపేటల తన కిరాయింటికి తోలుకొచ్చుకున్నడు. కోడలు రోజారాణి టీచర్ పరీక్షకు చదువుతున్నది.

ఒకనాడు పొద్దుగూకంగ ఆమె గడప కాడ కూసొని ఇంగ్లీషు మాటలకు అర్థాలు బట్టీ కొడుతున్నది. డబ్ల్యూ అక్షరం నడుస్తున్నది. పక్కన మామ చిక్కుడుకాయలు తుంచుతుండు.

"వెల్ అంటే బావి. వెల్ అంటే బాగు."

రాజమల్లయ్య చెయ్యి ఆగింది. "ఏందీ? బావికి, బాగుకు ఒక్కటే మాటనా బిడ్డా?"

"అవ్ మామా. రాసుడు గూడ ఒక్కతీరే. నీళ్లు లోపల్నుంచి ఉబికొచ్చినా వెల్ అనే అంటరు. కండ్లల్ల నీళ్లు ఊరినా గదే మాట."

ముసలాయన చిక్కుడుకాయలు పక్కకు పెట్టిండు. మెల్లగ అందుకున్నడు.

"మద్దూరు దిక్కు భిక్షపతి అనే రైతుకు బావి తవ్వినం, నేనూ, నా తోటి పనోడు ఎల్లన్నా. ఎంత తవ్వినా బండే. ఇగ చాలు, నా నసీబు గింతే అన్నడు భిక్షపతి. మనసొప్పక గడ్డపారతోని ఇంకొక్క పోటు ఏసిన. బండ పగులుల కెళ్లి బుస్సుమని చప్పుడు! అరికాళ్లు సల్లవడ్డయి. చూస్తుంటెనే మోకాళ్ల దాంక నీళ్లు. పైకెక్కుమని ఎల్లన్న మొత్తుకుంటుండు, నాకు కాళ్లాడలే. రెండు చేతులెత్తి మొక్కిన. పైకొచ్చి చూస్తే, భిక్షపతి ఏడుస్తుండు, వాళ్లవ్వ ఏడుస్తున్నది, నేనూ ఏడిసిన. ఆ యాడాదికెల్లి వాళ్ల ఇల్లు బాగుపడ్డది."

వేళ్లు మడుసుకుంట లెక్కవెట్టిండు. "బావి, ఊట, కన్నీళ్లు, బాగు. అన్నిటికీ ఒక్క మాట! అది పుట్టిచ్చినోడు ఏ దేశపోడో గని బిడ్డా, వాడు తప్పకుంట బావిల దిగినోడే."

రోజారాణి పుస్తకం మూసింది. ఇన్నేండ్లు ఒక్కింట్ల ఉండి గీ ముచ్చట ఎన్నడూ అడుగలే.

ఆయితారం మామను ఎంటవెట్టుకొని మద్దూరు బస్సెక్కింది. భిక్షపతి బావి కాడికి పొయ్యి లోపలికి తొంగి చూసింది. కళ్లు తిరిగి గట్టును గట్టిగ పట్టుకున్నది. అడుగున నీళ్లు తళతళ మెరుస్తున్నయి.

"గింత లోతు చేతులతోనే తవ్విన్రా మామా?"

రాజమల్లయ్య అప్పటికే ఒడ్డు మీద చెప్పులిడిచి, మోటరు పోస్తున్న కాలువల దిగి, పాదాల మీదికెళ్లి పోతున్న నీళ్లను చూసుకుంట నిలవడ్డడు.