అదురు లేని పలక

1974 జూన్‌లో నన్ను విమాన పరికరాలు విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ షాపుకు సూపర్‌వైజరుగా వేశారు. శేరిలింగంపల్లి దాటాక, బండరాళ్లు పగలగొట్టి చదును చేసిన నేల మీద ఉండేది మా షాపు. తెనాలి నుంచి వచ్చిన నేను అక్కడ మొదటి ఆడ సూపర్‌వైజరును. రోజూ హఫీజ్‌పేట్ స్టేషన్లో రైలు దిగి కంపెనీ బస్సు ఎక్కేదాన్ని. నా కింద ఎనిమిది మంది మెకానిక్‌లు.

మాది ఆల్టీమీటర్ల పని. విమానం ఎంత ఎత్తున ఉందో పైలట్‌కు చెప్పే గడియారం లాంటి పరికరం అది. లోపల గాలి తీసేసిన పలచని లోహపు డొల్ల ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి పలచబడి డొల్ల ఉబ్బుతుంది, ఆ ఉబ్బు చిన్న చిన్న పళ్లచక్రాల మీదుగా ముల్లును తిప్పుతుంది. మెకానిక్ దాన్ని విప్పి, శుభ్రం చేసి, బిగించి, పరీక్షించి, సర్టిఫికెట్ మీద తన స్టాంపు వేస్తాడు. ఎవరి నంబరు స్టాంపు వారిది. ఏళ్లు పనిచేసి, పరీక్ష ప్యాసైతేనే అది చేతికొస్తుంది. స్టాంపు పోతే మళ్లీ హెల్పరే.

నేను చేరిన రెండు నెలలకు విదేశం నుంచి ఆటోమేటిక్ పరీక్షా యంత్రం వచ్చింది. గాలి ఒత్తిడిని అదే మారుస్తుంది, ముల్లు ఎక్కడుందో లైటు వేసి అదే చూసుకుంటుంది, చివర్లో ప్యాసో ఫెయిలో కార్డు మీద అచ్చు కొడుతుంది. మాకు ఒక పూట పట్టే పరీక్ష గంటలో అయిపోతుంది. వర్క్స్ మేనేజర్ శేషగిరిరావు గారు నన్ను పిలిచి, నెల రోజుల ట్రయల్ బాగుంటే ఆరుగురిని స్టోర్సుకు పంపుతామని చెప్పారు. ఆ మాట నేనే షాపులో చెప్పాల్సి వచ్చింది. సీనియర్ మెకానిక్ నర్సింహ, "ఇరవై ఏండ్ల సంది స్టాంపు కొడుతున్న మేడమ్. ఇగ స్టోర్స్‌ల బోల్టులు లెక్కపెట్టాల్నా?" అన్నాడు. ఆయనది హఫీజ్‌పేటే.

మేము స్టాంపు వేసి సిద్ధంగా ఉంచిన పన్నెండు ఆల్టీమీటర్లను మొదటి ట్రయల్లో యంత్రానికి ఎక్కించాం. తొమ్మిది ఫెయిల్. యంత్రం పనికిరానిదని తేలిపోయిందనుకుని మా వాళ్లు టీలు తెప్పించుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ లోలోపల సంతోషించాను.

మేనేజర్ గారికి అది ఇంకోలా కనిపించింది. యంత్రం సరైనదే అయితే మేము చెడ్డ పరికరాలకు స్టాంపు వేస్తున్నట్టు. అలాంటివి ఎన్ని విమానాల్లో ఎగురుతున్నాయో ఎవరికి తెలుసు? వారం లోపు కారణం చెప్పకపోతే ఎనిమిది స్టాంపులూ వెనక్కి తీసుకుంటామన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేనైనా అదే అనేదాన్ని.

నర్సింహ మూడు రోజులు యంత్రం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. దాన్ని తిట్టలేదు, ఊరికే చూశాడు. నాలుగో రోజు పొద్దున యంత్రం మీద ఒక ఆల్టీమీటరు పెట్టి నడిపిస్తూ నన్ను పిలిచాడు.

"జర అద్దం మీద వేలు పెట్టి చూడుండ్రి మేడమ్. ఏమన్న తెలుస్తుందా?"

ఏమీ తెలియడం లేదన్నాను.

"గదే. అదురు లేదు. మేం చేతితోని చూసేటప్పుడు అద్దాన్ని రెండుసార్లు మెల్లగ తడతం కదా. గది లేకుంటే ముల్లు పట్టుకుంటది."

విమానంలో ఇంజను అదురు ఎప్పుడూ ఉంటుంది. ఆ అదురుకే ముల్లు ఎక్కడా పట్టుకోకుండా సరైన చోటికి చేరుతుంది. షాపులో ఆ లోటు తీర్చడానికే మెకానిక్‌లు అద్దాన్ని తట్టేవారు. యంత్రం తయారుచేసిన వాళ్లకూ ఈ సంగతి తెలుసు, అందుకే పరికరం కూర్చునే పీఠం కింద చిన్న అదురు మోటారు పెట్టారు. అది తిరుగుతున్న చప్పుడు వింటూ, పని చేస్తోందనే మేమందరం అనుకున్నాం. అయితే మా ఆల్టీమీటర్లు ఆ పీఠానికి సరిపోక, మధ్యలో ఒక పలక చేయించి పెట్టాం. గట్టిగా ఉండాలని మందపు ఉక్కుతో, కింద రబ్బరుతో చేయించాం. అదురంతా ఆ రబ్బరే మింగేసింది.

పలక డ్రాయింగు నాది.

నర్సింహకు ఆ సంగతి తెలుసు. "మనిద్దరికే తెల్సు మేడమ్. పలక మారుస్తే అయిపాయె" అన్నాడు. నేను డ్రాయింగు చుట్టుకుని మేనేజర్ గారి గదికి వెళ్లాను. జరిగింది చెప్పాను.

"ఇది మీరు గీసిందేనా అమ్మా?" అన్నారాయన.

"నేనేనండి."

ఆయన డ్రాయింగును చుట్టి నా చేతికిచ్చి, కొత్త పలక ఎప్పటికి వస్తుందని మాత్రం అడిగారు.

రెండు రోజుల్లో రబ్బరు లేకుండా పలచని అల్యూమినియం పలక తయారైంది. మేనేజర్ గారి ఎదుటే ఆ పన్నెండింటినీ మళ్లీ ఎక్కించాం. ఒక్కో కార్డు బయటికొస్తుంటే నేను పైకి చదివాను. పదకొండు ప్యాసయ్యాయి. షాపులో చప్పట్లు వినడం నాకు అదే మొదటిసారి.

పన్నెండోది ఫెయిలైంది. దాని మీద ఉన్నది నర్సింహ స్టాంపే. ఆయన అక్కడే దాన్ని విప్పి, భూతద్దం పెట్టి చూసి, ఒక ఇరుసు అరిగిందని చూపించాడు. "అద్దాన్ని నేను జర గట్టిగ కొట్టిన. గందుకే అప్పుడు దొరకలే. తప్పు నాదే సార్, మిషిన్ కరెక్టుగనే చెప్పింది" అన్నాడు. అంతమందిలో అలా ఒప్పుకున్నాక, ఆ యంత్రాన్ని తనకు నేర్పించమని అడిగాడు.

మరుసటి వారం ఆర్డరు వచ్చింది. యంత్రం ఫెయిలని చెబుతుందే గానీ కారణం చెప్పదు కాబట్టి పరికరం విప్పి బిగించే చేతులే దాన్ని నడపాలి, ఎవరినీ స్టోర్సుకు పంపడం లేదు. ఎనిమిది మందీ ఆరు వారాల్లో యంత్రం నేర్చుకున్నారు. ఏడాది తిరగకముందే వేరే ఊళ్ల నుంచి కూడా ఆల్టీమీటర్లు మా దగ్గరికి రావడం మొదలైంది. ఇంకో ఇద్దరు మెకానిక్‌లను తీసుకున్నాం. వాళ్లకు శిక్షణ ఇచ్చింది నర్సింహే.

ఆ తర్వాత నా సర్వీసులో ఎన్నో యంత్రాలు వచ్చాయి. ప్రతిసారీ కొత్త యంత్రం షాపులోకి రాకముందే మెకానిక్‌లను కూర్చోబెట్టి, చేతులు అలవాటుగా చేసే పనులన్నీ కాగితం మీద రాయించాను. ఆ కాగితం మా దగ్గర ఉన్నంతకాలం యంత్రం మా షాపులో ఒక పనిముట్టుగానే ఉంది. అద్దాన్ని తట్టే సంగతి మా పరీక్షా విధానంలో ఎక్కడా రాసి లేదు. అది రాసి ఉంటే నేను ఆ పలకను అలా గీసేదాన్ని కాదు.