రోడ్డు వైపు బావి

మా అక్క పట్టుబట్టిందంటే మన పని మానుకుని ఆవిడ వెంట నడవడమే. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తూ, తెరలు కట్టి చూపిస్తూ బతికిన మనిషి. ఉన్నట్టుండి, పాడుబడ్డ క్వారీ గుంతలో ప్రొజెక్టరుతో అమ్మ బొమ్మ వేస్తానంది.

ఆ గుంత ఒకప్పుడు తాత పొలం. అమ్మకు పదకొండేళ్ళప్పుడు క్వారీవాళ్ళు రాయి కోసం లాక్కున్నారు. బావి అడుగు కంటే కిందికి తవ్వేసి, రాయి అయిపోగానే వదిలేసి పోయారు. అప్పట్నుంచి అమ్మ అటు తొంగిచూడలేదు. బజారుకు కూడా చుట్టూ తిరిగే వెళ్తుంది. పొలం మాటెత్తితే లేచి వెళ్ళిపోతుంది.

"యాభై ఏడేళ్ళుగా ఆ పుండుకు కట్టు విప్పలేదురా అమ్మ. ఒక్కసారి ఆ నేల మీద నిలబడాలి. అంతే," అంది అక్క నాతో.

ఒకరోజు మేడ మీద అమ్మ బట్టలారేస్తుంటే, అక్క కెమెరాతో నీళ్ళట్యాంకు నిచ్చెనెక్కి, "పొలం ఎలా ఉండేదో నడిచి చూపించమ్మా" అంది. అమ్మ దిగి వెళ్ళిపోతుందనుకున్నాను.  కానీ ఆవిడ తడి చీర తీగ మీద పడేసి నడవడం మొదలుపెట్టింది.

"ఇది గట్టు. ఇటంతా జొన్న. ఇదిగో, రోడ్డు వైపు, బావి." ఒక్కో అడుగూ పది అడుగుల లెక్క. చివర్లో పైకి చూసి, "తీస్తే తీశావు. నన్ను మాత్రం ఆ గుంతలోకి రమ్మనకు" అని బట్టల బుట్ట తీసుకుని దిగిపోయింది.

జనరేటరు మోసింది నేనే. నడుం ఇప్పటికీ అక్కను తిడుతోంది. గుంత అంచున ఇనప మంచె కట్టి, ప్రొజెక్టరును కిందికి వంచి బిగించాం. పొద్దుగూకగానే అడుగున తెల్లటి రాతిపొడి మీద అమ్మ నడవసాగింది, మేడ మీది కంటే పదింతల అమ్మ. అంచున జనం చేరారు. అక్క మాత్రం బొమ్మ చూడకుండా రోడ్డు వైపే చూస్తోంది.

"వస్తుందిలే," అన్నాను, నమ్మకం లేకుండానే.

"రాకపోతే రేపూ వేస్తా. ఎల్లుండీ వేస్తా."

అంతలో వెనక నుంచి కేక. "బావి అటు కాదే మొద్దూ!"

అమ్మే. ఎప్పుడొచ్చిందో, గుంతలోకి దిగే లారీల బాట మొదట్లో నిలబడి ఉంది. అక్క నాలుక కరుచుకుంది. పెళ్ళిళ్ళలో తెర వెనక నుంచి వేసేందుకు బొమ్మను కుడి ఎడమలు తారుమారు చేసి పెట్టుకుంటుంది. మొన్నటి పెళ్ళి తర్వాత మార్చడం మరిచిపోయింది. దాంతో బావి కాస్తా కొండ వైపుకు పోయింది.

అమ్మ పంతం ఆ తప్పు ముందు నిలవలేదు. విసవిసా గుంతలోకి దిగిపోయింది. రోడ్డు మలుపు చూసి, కొండ చూసి, నాలుగడుగులు అటూ ఇటూ జరిగి, ఒకచోట కాలితో నేలను తన్ని నిలబడింది.

"ఇక్కడ! మా నాన్న తవ్విన బావి ఇక్కడ!"

అక్క బొమ్మ సరిచేసి, వీడియోను కాస్త వెనక్కి తిప్పింది. వెలుగులోని అమ్మ ఈసారి రోడ్డు వైపుకు నడిచొచ్చి, చెయ్యి చాపి బావిని చూపించింది. ఆ చెయ్యి సరిగ్గా మా అమ్మ పాదాల దగ్గర ఆగింది. అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది.

అమ్మ తలెత్తి మమ్మల్ని చూసింది.

"గట్టు దగ్గర్నుంచి మళ్ళీ వెయ్యవే. నేనిక్కడే ఉంటా."