నలభై అయిదు మీద పెట్టిన పాట

పాత అట్టకు ఒక వాసన ఉంటుంది. వానకు తడిసి ఆరిన పుస్తకానికీ, ఏళ్ల తరబడి ట్రంకుపెట్టెలో అడుగున ఉండిపోయిన పట్టుచీరకూ మధ్య ఎక్కడో ఉండే వాసన. మొన్న జగిత్యాలలో మా ఇంటికి వచ్చిన పార్సిలు విప్పగానే అది గుప్పున ముక్కుకు తగిలింది. లోపల పలుచని చదరపు అట్ట, అట్ట మీద పసుపుపచ్చ గౌను వేసుకుని ఎర్ర కారుకు ఆనుకుని నిల్చున్న ఒక తెల్లమ్మాయి, ఆమె కాళ్ల దగ్గర పన్నెండు ఇంగ్లీషు పాటల పేర్లు, ఒక్కో పాటకు ఒక్కో గాయకుడు. అట్టలో నల్లటి రికార్డు. ఈ రికార్డు కోసం నేను రెండు నెలలుగా కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే చూడలేక నా కూతురు ఎక్కడో బొంబాయిలో పాత సామాను అమ్మే మనిషిని పట్టుకుని తెప్పించింది.

అంత తపన దేనికని అది నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తొమ్మిదేళ్ల వయసులో, ఈ రికార్డు తిరుగుతుండగా, నేను మా బాపును, అంటే నాన్నను, ఒక మాట అడిగాను. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ మాట మాత్రం నాతోనే ఉండిపోయింది, కూర్చోనివ్వదు, నిలవనివ్వదు.

అప్పుడు మేము కోరుట్లలో ఉండేవాళ్లం. మా తాత బీర్పూరు దిక్కు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. మా బాపు చెట్టెక్కే ఆ మోకూ ముత్తాదూ పట్టకుండా మస్కట్‌కు పోయాడు. ఇంట్లో నేనూ మా అవ్వా, అంటే అమ్మ, మావైపు అమ్మను అలాగే పిలుస్తాం. అవ్వ బీడీలు చేసేది. పొద్దున్నే తునికాకు తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టేది, పనులయ్యాక ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురైదుగురు ఎవరి చాట వాళ్లు ఒళ్లో పెట్టుకుని మా ముందరి అర్రలో గోడకు ఆనుకుని కూర్చునేవాళ్లు, ఆకు కత్తిరించే కత్తెర్ల చప్పుడు, తంబాకు ఘాటుకు నా తుమ్ములు, వానాకాలమైతే పొయ్యిలో కాలుతున్న మక్కకంకుల వాసన, బతుకమ్మ ముందరైతే దంచుతున్న నువ్వుల వాసన, వీటన్నిటి మధ్య తొక్కుడుబిళ్ల గీతలు గీసుకుని ఒంటికాలి మీద గెంతుతూ నేను. ఒక్కచోట కూర్చున్న గుర్తు నాకు లేదు.

గల్ఫు నుంచి ఎవరు సెలవు మీద వచ్చినా పదిళ్ల సామాను మోసుకొచ్చేవాళ్లు. అలా ఒక ఎండాకాలం మల్యాల నర్సన్న అనే ఆయన మా ఇంటి పేర పెద్ద పెట్టె తెచ్చాడు. అందరి ఇళ్లకూ టేపురికార్డర్లు వస్తే మాకు రికార్డులు తిప్పే పెట్టె వచ్చింది, దానితోపాటు ఈ పసుపు గౌను అమ్మాయి. బాపు దాన్ని మస్కట్‌లో కొనుక్కుని ఏడాది విన్నాడట, పాటలన్నీ తన కోసం ఒక క్యాసెట్‌లోకి ఎక్కించుకుని, పెట్టెనూ రికార్డునూ అవ్వకు పంపాడు. దాన్ని ఎలా వాడాలో చెప్పడానికి ఆయన పక్కన లేడు. నర్సన్నే తీగలు కలిపాడు, మూత ఎత్తాడు, పక్కనున్న చిన్న మీట దగ్గర ఆగిపోయాడు.

"రెండంకెలున్నయ్ వదినా. ముప్పైమూడు, నలభై అయిదు. మన దిక్కు ఓల్టేజి తక్కువుంటది గద, పెద్దదాని మీదనే పెడదాం."

వీధి దీపాలు కూడా మిణుకుమిణుకుమనే ఊళ్లో ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. మీట నలభై అయిదు మీదికి పోయింది, పాట మొదలైంది. మొదలు కావడమేమిటి, ఉరికింది! ఎవరో ఆడపిల్లలు, సన్నటి గొంతులతో, వెనకాల కుక్క తరుముతున్నట్టు పాడారు. ఇంగ్లీషువాళ్లు ఇంతే కాబోలు అనుకున్నాం. వారం తిరిగేసరికి పన్నెండు పాటలకూ పన్నెండు పేర్లు పెట్టుకున్నాం. ఎక్కాల పాట, తుమ్ముల పాట, కోడిపెట్ట పాట. బీడీల చేతులు ఆ వడికి అలవాటు పడ్డాయి. ఒక పక్క అయిపోయేలోపు ఎవరి కట్టలు ఎన్ని అని పందెం వేసుకునేవాళ్లు. నేను గెంతీ గెంతీ చెమటతో తడిసిపోయేదాన్ని. ఆ పాటలు వింటే ఒంట్లో చీమలు పాకినట్టుండేది, ఆ చీమలు నాకు భలే ఇష్టం.

నెల తర్వాత బాపు ఉత్తరం వచ్చింది. అవ్వకు చదువు రాదు, చదివేదీ రాసేదీ నేనే. "మూడో పాట పాడెటాయన గొంతు అచ్చం మా నాయిన గొంతే. నువ్వు ఇంట్ల అడుగువెట్టకముందే నాయిన పాయె. నువ్వు ఆయన గొంతు ఇనలే. గీ పాట ఇంటే నాయిన గొంతు ఇన్నట్టే. ఇని రాయి" అని ఉంది అందులో. అవ్వ నా వంక చూసింది, నేను అవ్వ వంక చూశాను. మూడో పాట మేము కోడిపెట్ట పాట అని పిలుచుకునేది.

"మా మామది గింత సన్న గొంతా! తాటిచెట్టు మీదికెల్లి గిట్లనే పిలిచెనా!" అని అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కడుపుబ్బ నవ్వింది. తర్వాత నవ్వు ఆపుకుని, "అవును, అచ్చం మామ గొంతే అని రాయి బిడ్డా" అంది. రాశాను. ఆ రోజు నుంచి మూడో పాట వస్తే చాలు, మామ ముందర ఉన్నట్టే అవ్వ నెత్తి మీదికి కొంగు లాక్కునేది. కోడిపెట్ట కూతకు కొంగు కప్పుకోవడమేమిటని పక్కవాళ్లు నవ్వేవాళ్లు, అయినా లాక్కునేది.

రెండేళ్లకు బాపు సెలవు మీద వచ్చాడు, రెండు నెలల సెలవు. మామిడిపండ్ల కాలం. అత్తరూ సబ్బులూ నారింజ పొడి డబ్బాలూ పంచడం అయ్యాక, కాళ్లు కడుక్కుని వచ్చి పెట్టె ముందర బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. అవ్వ మురిసిపోతూ మూడో పాట పెట్టింది, కొంగు కప్పుకుంది.

"గిదేంది? గీ పొల్ల ఎవ్వలు?" అన్నాడు బాపు.

"నువ్వు రాసిన పాటనే గద!"

బాపు మీట వంక చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. వేలితో మీటను ముప్పైమూడు మీదికి తోసి, సూదిని మళ్లీ మొదటికి పెట్టాడు. అప్పుడు వచ్చింది ఒక గొంతు. బావిలోంచి చేదతో నీళ్లు తోడినట్టు, బరువుగా, నిమ్మలంగా, ఒక మగవాడి గొంతు. అర్రలో బీడీల చేతులన్నీ ఆగిపోయాయి. అవ్వ ఈసారి కొంగును ఇంకాస్త ముందుకు లాక్కుంది, నవ్వలేదు.

ఆ వారమే సిరిసిల్ల నుంచి మా మేనత్త వచ్చింది. రాత్రీ పగలూ సాంచాల మోతలో, అంటే మరమగ్గాల మోతలో, బతికే మనిషి, నెమ్మదిగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. అటువంటి అత్త ఆ పాట వినగానే గొంతు పోయినట్టు కూర్చుంది. "మా నాయిననే రా తమ్మీ. చెట్టు మీదికెల్లి నన్ను పిలిచినట్టే ఉన్నది" అని గుడ్ల నీళ్లు పెట్టుకుంది. అక్కా తమ్ముడూ ఆ పాటను మళ్లీ మళ్లీ పెట్టుకుని, బకెట్ నీళ్లలో వేసిన మామిడిపండ్లు పిసుక్కుని తింటూ, నేనెన్నడూ చూడని మా తాత గురించి మాట్లాడుకున్నారు.

నాకు మాత్రం మండిపోయింది. ఎక్కాల పాట చచ్చిపోయింది, తుమ్ముల పాట చచ్చిపోయింది, గెంతబోతే కాళ్లకు రాయి కట్టినట్టుండేది. ఆటకు వచ్చే పిల్లలు రావడం మానేశారు. బీడీల రాజవ్వ కూడా, "గింత నిమ్మలంగ పాడితె నా చేతులు కునుకు తీస్తున్నయ్ తమ్మీ" అని సణిగింది. మేము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, మా పాటే అసలు పాట, బాపు వచ్చి దాన్ని చెడగొట్టాడు. రెండేళ్లు మేము కష్టపడి కాపాడుకున్న పాటను ఒక్క వేలితో తోసేశాడని నా లెక్క.

ఒక మధ్యాహ్నం కరెంటు అప్పుడే వచ్చింది. అవ్వ చేసిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. బాపు ఒక్కడే కిటికీ దగ్గర కళ్లు మూసుకుని మూడో పాట వింటున్నాడు. అయిపోగానే సూది వెనక్కి పెడుతున్నాడు, మళ్లీ వింటున్నాడు. నేను దర్వాజ పట్టుకుని ఒక కాలు ఊపుతూ ఎంతసేపో చూశాను. ఇక ఆగలేకపోయాను.

"బాపూ, నువ్వెప్పుడు పోతవ్?"

కళ్లు తెరిచాడు. "ఎందుకు బిడ్డా?"

"నువ్వు పోతె మా పాటలు మంచిగ పెట్టుకుంటం."

బాపు నవ్వాడు. కోపం వచ్చినా బాగుండేది, ఒక దెబ్బ వేసినా బాగుండేది. "పోత బిడ్డా. పోనీకెనే గద వచ్చింది" అన్నాడు. లేచి మీటను నలభై అయిదు మీదికి తోసి, "దా, ఎగురు" అన్నాడు. నేను ఎగిరాను. ఆయన ముందరే, ఆయన నాయిన గొంతును కోడిపెట్ట చేసుకుని, అలిసిపోయేదాకా ఎగిరాను.

కొన్నాళ్లకు ఆయన బొంబాయి బస్సెక్కి వెళ్లిపోయాడు. మీట నలభై అయిదు మీదే ఉండిపోయింది. రాజవ్వ చేతులు లేచాయి, పిల్లలు మళ్లీ వచ్చారు, నాకు కావలసింది నాకు దొరికింది. ఆ తర్వాత ఆయన వచ్చిన ప్రతిసారీ అవ్వ ఆయన కోసం మీట మార్చబోయేది, ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఉండనియ్యి. మీ పాట మీది." అని మాతోపాటు కూర్చుని, చుట్టమై వచ్చినవాడిలా మర్యాదగా వినేవాడు. మోకాళ్లు అరిగి ఆయన ఇంటికి పూర్తిగా వచ్చేసే నాటికి పెట్టె చెడిపోయింది. రికార్డూ పెట్టే ఏ పాత సామాన్లవాడి బండి ఎక్కాయో కూడా తెలియదు. నేను పెద్దదాన్నయ్యాక, ఉద్యోగం వచ్చాక, పెళ్లయ్యాక, ఎన్నోసార్లు ఆ మాట ఎత్తబోయాను. ఏమని ఎత్తాలి? నవ్వేసి, గుర్తే లేదంటాడేమోనని ఒక భయం, గుర్తుందంటాడేమోనని ఇంకో భయం. అలాగే ఆయన పోయాడు.

ఇప్పుడు కోరుట్లలో ఆ ఇల్లు లేదు, అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ముందరి అర్రల్లో ఐదారుగురు కూర్చుని బీడీలు చేస్తూ పందెం వేసుకోవడం కనబడదు. రాజవ్వ లేదు, సిరిసిల్ల అత్త లేదు. ఫోనులో ఆ పాట దొరికింది. వేగం పెంచి చూద్దామని నా కూతురు ఏదో నొక్కింది కూడా. మగాయన మగాయనలాగే ఉండి బస్సు తప్పిపోతున్నట్టు పాడాడు, అంతే, మా కోడిపెట్ట రాలేదు.

నా కూతురు కొన్న కొత్త పెట్టెకూ రెండంకెలున్నాయి. నేను ముప్పైమూడు మీద పెట్టాను. అవ్వ, డెబ్బయి దాటిన మా అవ్వ, పక్కన కూర్చుని పుంటికూర ఆకు తెంపుతోంది. రెండు పాటలు అయిపోయాయి. మూడోది మొదలైంది. దాన్ని ఆ వేగంలో మొదటి నుంచి చివరిదాకా నేను ఎన్నడూ కుదురుగా వినలేదు. విన్నాను, చేతులు ఒళ్లో పెట్టుకుని. బాపూ, ఎంత మంచి పాట ఇది.

అవ్వ ఆకు తెంపుతూనే అంది.

"ఆ యేడు మీ బాపు ఇరవై దినాలు ముందుగాలనే పాయె. సెలవు ఇంకా ఉండె. కంపెనోళ్లు పిలిచిన్రన్నడు. ఉత్తరం రాలే, టెలిగ్రాం రాలే, ఎట్ల పిలిచిన్రో నాకు ఇప్పటికీ తెల్వది." చాటలోని పుల్లలు ఏరి పక్కన పడేసి నా వైపు తిరిగింది. "నీకేమన్న చెప్పిండా బిడ్డా?"

పాట ఇంకా సగం ఉంది.

"లేదవ్వా, నాకేం చెప్పలే" అన్నాను.