పెదనాన్న బిడాలం, అమ్మ తల్లిపిల్లి

చీరాలలో మా చిన్నప్పుడు మగ్గం ఉన్న ఇంట్లో పిల్లి ఉండాల్సిందే... పడుగు నూలుకు, అదే నిలువు పోగులకు, గంజి పెడతారు కదా, ఆ వాసనకు ఎలుకలు దిగేవి. మా మగ్గం గుంట పక్కన గోనెపట్టా మీద ఒక తల్లిపిల్లి, దాని మూడు కూనలు ఉండేవి.

ఒక వేసవిలో మా పెదనాన్న వచ్చాడు. తెలుగు మాస్టారు. మగ్గం ముట్టుకుంటే చదువు మాసిపోతుందనుకునే రకం. నన్ను కూర్చోబెట్టి మార్జాలం, బిడాలం, ఓతువు అని వల్లె వేయించాడు. అన్నిటికీ అర్థం ఒకటేనట! నేనూ గడగడా అప్పజెప్పి శభాష్ అనిపించుకున్నాను. ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఆమె లెక్కలో ఏ రెండు పిల్లులూ ఒకటి కావు. తల్లిపిల్లి అంటే కూనల కోసం రోజంతా వేటాడేది. గండుపిల్లి అంటే ఊరంతా తిరిగొచ్చి, పాలు తాగి, మా అరుగు మీద పడుకునేది. బావురుపిల్లి అంటే పొలాల్లోంచి వచ్చి కోళ్లను ఎత్తుకుపోయేది.

ఒకరోజు తల్లిపిల్లి పెదనాన్న పాలగ్లాసులో మూతి పెట్టింది. అంతే...

"ఒరేయ్, దీన్ని కూనలతో సహా వదిలేసి రా. గండుపిల్లి ఉందిగా, మగది, అది కాస్తుంది" అన్నాడు మా నాన్నతో.

అమ్మ తలుపు చాటు నుంచి, "గండుపిల్లి ఎలుకను పట్టగా నేనెప్పుడూ చూళ్లేదు బావగారూ... మగ్గం మీద కొత్త పడుగుందండీ" అంది.

"ఏ బిడాలమైనా బిడాలమేనమ్మా!" అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అన్నగారి మాట కాదనలేక నాన్న వాటిని సంచిలో వేసుకెళ్లి వాగు అవతల వదిలి వచ్చాడు.

నాలుగో రోజు పొద్దున చూస్తే పడుగు జానెడు మేర కొరికేసి ఉంది. అమ్మ పది రోజులు నడుం వంచి అతికిన పోగులు... గండుపిల్లి అరుగు మీద నిద్రపోతోంది. పెదనాన్న తీరిగ్గా వచ్చి చూసి, "మూషికాలు" అన్నాడు! ఎలుకక్కూడా పేరు తెలుసు మహానుభావుడికి.

అమ్మ కూర్చుని మళ్లీ ఒక్కో పోగూ అతకడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఆయనకు అన్నం వడ్డించడానికి మాత్రం లేచింది.

ఇప్పుడు ఆ మగ్గమూ లేదు, వాళ్లూ లేరు... మా బంధువులు ఇప్పటికీ పెదనాన్నను పండితుడనే తలుచుకుంటారు. మా అమ్మకు తెలిసినదాన్ని చదువని ఎవరూ అనలేదు, ఆఖరికి నేను కూడా.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పండితులు ఉండే ఉంటారు. వాళ్ల సంగతి సరే... వాళ్లకు అన్నం పెట్టినవాళ్ల గురించి రాయండి.