కుడి అరచెయ్యి

పుణె రేసుకోర్సులో తన గుర్రం పరిగెత్తే రోజున కేర్సీ ఘాస్వాలా ఎవరికీ కుడిచెయ్యి అందివ్వడు. టీ కప్పు కూడా ఎడమచేత్తోనే పట్టుకుంటాడు. పందెం అయ్యాక గుర్రం ముంగాళ్లు తడమాలి. లోపల నరం దెబ్బతింటే కాలు వేడెక్కుతుంది. అరచెయ్యి ముందే వెచ్చబడితే ఆ వేడి చేతికి తెలియదని అతని భయం. సొంత ఫారంలో పుట్టించిన గుర్రాలే అన్నీ, కానీ ఒక్క పందెమూ కళ్లారా చూడడు. జనానికి వీపు తిప్పి, కుడిచెయ్యి జేబులో దాచుకుని, "పడకు తల్లీ, పడకు" అని గొణుక్కుంటాడు.

ఈ ఆదివారం వానలో మెహర్‌బాన్ గెలిచింది. తల్లి కాన్పులోనే పోతే, కేర్సీ సీసాతో పాలుపట్టి పెంచిన ఆడగుర్రం అది. గెలుపు కప్పు ఇవ్వడానికొచ్చిన పెద్దమనిషి చెయ్యి చాపితే, కేర్సీ చూడనట్టే దాటిపోయి గుర్రం కాళ్ల దగ్గర బురదలో కూలబడ్డాడు.

"గెలిచేసరికి కళ్లు నెత్తికెక్కాయి," అన్నారెవరో.

రెండు ముంగాళ్లూ తడిమి, "చల్లగా ఉన్నాయి, ఖోర్షెద్!" అని భార్యకు వినబడేలా అరిచాడు. ఆ సంబరంలో లేచి, పెద్దమనిషికి కుడిచెయ్యి ఇచ్చేశాడు.

"చెయ్యి ఇలా కాలిపోతోందేంటండీ, జ్వరమా?" అన్నాడాయన.

పందెం సాగినంతసేపూ జేబులో పిడికిలి బిగించే ఉంచాడు. కేర్సీ నవ్వు ఆరిపోయింది.

"ఫొటో, కేర్సీ! ఒక్క నిమిషం మనిషిలా నిలబడు!" అంది ఖోర్షెద్.

ఆ ఫొటోలో కప్పు ఆవిడ చేతిలో ఉంది. కేర్సీ కింద, గుర్రం బురద కాలికి చెంప ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు.